కొత్తపల్లి జలపాతం: ఫొటోలో లేని ఆరోవాడు



కార్తీకంలో ఒక ఆదివారం కొత్తపల్లి జలపాతానికి వెళ్లి, అక్కడ దిగిన ఫొటో ఒకటి ఇక్కడ పెట్టాం. చాలామంది "సూపర్", "మన ఏజెన్సీ అందమే వేరు" అని రాశారు. సంతోషం. ఒక అన్న మాత్రం, "ఆరుగురం వెళ్తున్నాం అన్నారు, ఐదుగురే ఉన్నారేంటి తమ్ముడూ? ఫొటో తీసింది ఆరోవాడా?" అని అడిగాడు. ఆ రోజు జవాబు రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. ఇప్పుడు ఆరుగురం కూర్చుని మాట్లాడుకుని, ఆరోవాడు సరే అన్నాకే ఇది రాస్తున్నాం. కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి.

ఆ ఫొటో తీసింది కాకినాడ నుంచి వచ్చిన ఒకాయన. మా ఫోన్ ఆయన చేతికిచ్చి మేం ఐదుగురం నిలబడ్డాం. ఆరోవాడు ఫొటోలో లేడనుకోకండి, ఉన్నాడు. మళ్లీ తెరిచి ఎడమ పక్క పై మూలన చూడండి. బండ మీద ఎర్ర చుక్కలా కనిపించేది వాడి చొక్కా. ఆ ఫొటో తీశాక రెండు నిమిషాలకి వాడు ఆ బండ మీద లేడు.

ముందు నుంచి చెప్తాం.

మేం ఆరుగురం విశాఖలో డిగ్రీ చదువుతున్నాం. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. అందరివీ పాడేరు చుట్టుపక్కల మండలాలే. క్లాసులో మమ్మల్ని అందరూ "ఏజెన్సీ బ్యాచ్" అంటారు. చలికాలం వచ్చిందంటే చాలు, టౌను ఫ్రెండ్స్ ప్రశ్నలు మొదలవుతాయి. "లంబసింగిలో మంచు పడిందా? కొత్తపల్లిలో నీళ్లున్నాయా? ఏ టైముకెళ్తే బాగుంటుంది?" మేం పెద్ద తెలిసినట్టు తలూపి, "పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువుంటారు" అని చెప్పేవాళ్లం. నిజానికి మా ఆరుగురిలో ఒక్కరు కూడా కొత్తపల్లి చూడలేదు. బస్సులో కిటికీ పక్క నుంచి దాటిపోవడమే. రోడ్డు పక్కనే ఉంది కదా, ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాం. మన ఊరి పక్క జలపాతం గురించి టౌనోళ్లు మనకే వీడియోలు చూపిస్తుంటే ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. అందుకే ఈసారి ఇళ్లకొచ్చినప్పుడు వెళ్లి తీరాలనుకున్నాం.

పొద్దున్నే పాడేరులో కలిశాం. అక్కడ నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి వైపు పోయే రోడ్డు. సర్వీసు జీపులో ముందు నలుగురు, వెనక ఎంతమందో లెక్కలేదు. మాలో ఇద్దరు వెనకాల వేలాడారు. వలిసెలు పూసే కాలం, పొలాలన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు, చెట్లని పట్టుకుని పైకి పాకిన మిరియం తీగలు. జీపులో పక్కన కూర్చున్న తాత ఒడిలో రాజ్మా మూట. ఇదంతా మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు "చూడ్డానికి" వెళ్తున్నాం కాబట్టి, కొత్తగానే చూశాం.

దిగేసరికి రోడ్డుకి రెండు పక్కలా కార్లు. బొంగు చికెన్ పొయ్యిల పొగ. కాల్చిన మొక్కజొన్న, ఉడికించిన వేరుశనగ, వరసగా గుడిసె కొట్లు. టికెట్ దగ్గర "ఎక్కడ నుంచి?" అని అడిగారు. మా ఊళ్ల పేర్లు చెప్పాం. ఏమో, ఊరోళ్లం అని వదిలేస్తారేమో అని చిన్న ఆశ. ఏం లేదు, ఆరు టికెట్లు కోసి ఇచ్చారు. మాలో ఒకడు, "మన గెడ్డ చూడ్డానికి మనమే డబ్బులు కట్టాలా?" అని గొణిగాడు. గొణిగింది ఎవరో కాదు, ఆ ఎర్ర చొక్కావాడే.

మెట్లు దిగుతుంటే నీళ్లు కనిపించక ముందే చప్పుడు వినిపించింది. తర్వాత చెట్ల మధ్య నుంచి తెల్లగా. ఒక్క దూకుడుగా పడే జలపాతం కాదిది. నల్లటి బండల మీద అంచెలంచెలుగా, ఒక చోట సన్నగా, ఒక చోట వెడల్పుగా, కింద గుండాల్లోకి దిగుతుంది. అబద్ధమెందుకు, కాసేపు ఎవరికీ మాట రాలేదు. ఇన్నాళ్లు దీన్ని కిటికీలోంచి దాటిపోయామా అనిపించింది.

మాలో జియాలజీ చదివేవాడు ఒకడున్నాడు. వాడు మొదలుపెట్టాడు. "మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి పేరు ఖోండలైట్. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? ఖోండుల పేరు మీద. అంటే మన కోదు వాళ్ల పేరు మీద. ప్రపంచంలో ఎక్కడ ఈ రకం రాయి దొరికినా జియాలజిస్టులు ఆ పేరుతోనే పిలుస్తారు." మాలో కోదు అమ్మాయి ఒకతుంది. "అయితే నా పేరు మీద ఇన్ని కొండలున్నాయా! పట్టా ఎక్కడరా?" అంది. అందరం నవ్వాం.

అప్పుడే ఒక ఫ్యామిలీ మా దగ్గరికొచ్చింది. మా మాట విని, "మీరు ట్రైబల్సా? మరి మీ డ్రెస్ వేసుకోలేదే?" అని అడిగింది ఒకావిడ. కోపంతో కాదు, నిజంగానే అడిగింది. మా అమ్మాయి తన జీన్స్ వైపు చూసుకుని, "ఇదే మా డ్రెస్సండి" అంది. ఆవిడ కూడా నవ్వేసింది. ఆవిడ భర్తే మాకు ఫొటో తీసిన కాకినాడ ఆయన.

ఎర్ర చొక్కావాడికి ఆ ప్రశ్న నచ్చలేదు. టికెట్ దగ్గర నుంచే మూతి ముడుచుకుని ఉన్నాడు. "ఈ టూరిస్టులు నిలబడే చోట మనమూ నిలబడ్డం ఏంటి? నేను గెడ్డలో పుట్టినోణ్ణి. పై అంచె మీద నుంచి దిగుతాను ఫొటో" అని చెప్పులు చేత్తో పట్టుకుని పైకి ఎక్కాడు. మేం ఆపలేదు. ఆపాలని తోచలేదు కూడా. వాడిలాగే మేమూ, మన గెడ్డలు మనల్ని ఏం చేస్తాయిలే అనుకునేవాళ్లమే.

వాడు కాలు పెట్టిన బండ చూడ్డానికి పొడిగానే ఉంది. ఒక అడుగు బాగానే పడింది. రెండో అడుగుకి రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి. వీపు మీద జారుతూ వచ్చి కింద గుండంలో పడ్డాడు. లోతు పెద్దగా లేదు, నడుము వరకే. కానీ వాడి కుడికాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. పై నుంచి నీళ్ల తోపుడు. లేవబోతాడు, మళ్లీ తోసేస్తుంది. తల వెనక నుంచి రక్తం. మాలో ఒకడు దిగబోయి వాడూ జారాడు. అమ్మాయిలు అరుస్తున్నారు. చుట్టూ పదిహేను ఫోన్లు పైకి లేచాయి. వాళ్లని తిట్టడానికి ఇది రాయడం లేదు. మా చేతుల్లోనూ ఫోన్లే ఉన్నాయి, వేరే ఏమీ లేదు.

పై నుంచి ఒక ఆడమనిషి గట్టిగా కేకేసింది. "దిగకండెవరూ! నిలబడిపోండి!" బొంగు చికెన్ పొయ్యి దగ్గర వెదుర్లు నరుకుతున్న మావయ్య ఒకాయన, ఇంకా ముక్కలు చెయ్యని నిలువు వెదురు భుజాన వేసుకుని మెట్లు దిగొచ్చాడు. పరిగెత్తలేదు. అడుగు చూసుకుని అడుగు వేస్తూ, మేం ఎవరం చూడని పక్క నుంచి, గులకరాళ్లు ఉన్న చోట నుంచి వచ్చాడు. వెదురు వాడి చేతికి అందించి, "కాలు లాగొద్దు. ముందు కిందకి నొక్కు, మడమ తిప్పు, తర్వాత లాగు" అన్నాడు. వాడు అలాగే చేశాడు. కాలు ఊడొచ్చింది. వెదురు పట్టుకుని గట్టుకొచ్చాడు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టి ఉండదు. మాకు మాత్రం ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ అవ్వలేదు.

కేకేసిన పిన్నిది రోడ్డు మీద మొక్కజొన్న కొట్టు. వాణ్ణి గుడిసెలోకి తీసుకెళ్లి, కొట్లో చాప మీద కూర్చోబెట్టి, తలకి శుభ్రమైన గుడ్డ గట్టిగా కట్టింది. ఆసుపత్రికి పోయే జీపు కోసం చూస్తున్నాం. ఆ కాసేపట్లో జరిగిన మాటలే మేం అసలు రాయాలనుకున్నది.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది. వాడు ఊరి పేరు చెప్పాడు. పిన్ని ముఖం మారింది.

"మనోడివేనా! టౌనోళ్లకంటే తెల్దు. నీకేటైందిరా? మీ ఊళ్లో గెడ్డ నేదా?"

"ఉంది పిన్నీ."

"మరి? ఆ బండ మీద మా పిల్లలు కాలెట్టరు. నీకు మీ అయ్య సెప్పలేదా?"

వాడు కాసేపు తల దించుకుని, "మూడో తరగతిలోనే హాస్టల్‌కి వెళ్లిపోయాను పిన్నీ" అన్నాడు.

పిన్ని ఇంకేం అడగలేదు. మేమూ ఏం మాట్లాడలేదు. ఎందుకంటే ఆ జవాబు వాడొక్కడిది కాదు, ఆరుగురిదీ అదే. మాలో అందరం మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలలో పెరిగినవాళ్లమే. దసరాకి, సంక్రాంతికి, వేసవికి ఇంటికి వెళ్లేవాళ్లం. వెళ్లినప్పుడు చుట్టాల్లాగే చూసేవాళ్లు. కోడి కోసేవాళ్లు, పని చెప్పేవాళ్లు కాదు. "చదువుకునే పిల్లలు, వాళ్లనెందుకు గెడ్డకి పంపడం" అనేది అమ్మ.

హాస్టళ్లని తప్పు పట్టడం లేదు. అది స్పష్టంగా రాస్తున్నాం. ఆశ్రమ పాఠశాల లేకపోతే మేం ఈ నాలుగు ముక్కలు రాసేవాళ్లం కాదు, మీలో చాలామంది చదివేవాళ్లు కాదు. కానీ మాకు పదో తరగతి లోపు నీటి చక్రం బొమ్మ ఎన్నిసార్లు వేయించారో! ఆవిరి, మబ్బు, వాన, నది, సముద్రం. బాణం గుర్తులతో సహా మార్కులొచ్చాయి. మన ఊరి గెడ్డ ఏ కొండ ఊట దగ్గర పుడుతుందో, ఏ బండ జారుతుందో, ఏ నెలలో ఎక్కడ దాటాలో మాత్రం ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఇటు పాడేరు వైపు మత్స్యగెడ్డ మాచ్‌ఖండ్ అయి, సీలేరు అయి, శబరిలో కలిసి గోదావరికి పోతుంది. మాచ్‌ఖండ్ దగ్గర 1955 నుంచి దాని మీద కరెంటు తీస్తున్నారు. అటు అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇవన్నీ మేం పోటీ పరీక్షల పుస్తకంలో చదివి నేర్చుకున్నవే. గెడ్డ పక్కన నిలబడి నేర్చుకున్నది ఒక్కటీ లేదు.

టికెట్ కోసేటప్పుడు "మన గెడ్డకి మనమే డబ్బులా" అని కోపం వచ్చింది కదా. పిన్ని గుడిసెలో కూర్చున్నాక ఆ కోపం వేరే వైపు తిరిగింది. ఆ గెడ్డ దగ్గర మాకూ కాకినాడ వాళ్లకీ తేడా ఏముంది? వాళ్లు కనీసం కింద నిలబడి చూశారు. మేం తెలుసనుకుని పైకి ఎక్కాం. తెలియనివాడికి భయం ఉంటుంది. తెలుసనుకున్నవాడికి అది కూడా ఉండదు.

జీపు వచ్చింది. ఆసుపత్రిలో తలకి మూడు కుట్లు వేశారు, టీటీ ఇచ్చారు. కాలు విరగలేదు, చీలమండ బాగా వాచింది. వాళ్ల ఇంట్లో ఆ రోజు చెప్పలేదు. తర్వాత చెప్పాం, తిట్లు తిన్నాం.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి జలపాతం చూడ్డానికి కాదు, పిన్నిని, మావయ్యని చూడ్డానికి. స్వీట్లు పట్టుకెళ్తే పిన్ని నవ్వి, "దీనికేనా ఇంత దూరం వచ్చీసారు" అంది. కొట్టు కట్టేశాక మమ్మల్ని గెడ్డ వెంట పైకి తీసుకెళ్లింది. చేతికి తలా ఒక కర్ర ఇచ్చింది. ఆ సాయంత్రం నేర్చుకున్నవి రాస్తున్నాం. మీ ఊళ్లో పెద్దలు ఇంతకంటే ఎక్కువే చెప్తారు.

పొడిగా కనిపించి ఎండలో మెరిసే బండని నమ్మొద్దు. పలచగా తడి పారే చోటే నాచు బాగా పడుతుంది. అది కంటికి ఆనదు, కాలికే తెలుస్తుంది, తెలిసేసరికి ఆలస్యం. ఇసుక, గులకరాళ్లు ఉన్న చోట నుంచే దాటాలి.

కర్ర లేకుండా గెడ్డలో దిగకూడదు. ముందు కర్ర, తర్వాత కాలు. లోతు కళ్లతో కొలవకూడదు, కర్రతోనే కొలవాలి.

నీళ్లు పడే చోట తెల్లగా నురగ ఉంటుందే, అందులోకి ఈత వచ్చినవాడు కూడా వెళ్లకూడదు. గాలి కలిసిన నీళ్లు మనిషిని తేల్చవు.

మన దగ్గర ఎండ కాస్తున్నా పై కొండల మీద వాన పడుతుండొచ్చు. నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా, ఫొటో సగంలో ఉన్నా సరే గట్టెక్కెయ్యాలి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లకూడదు.

ఎవరైనా పడితే వెంట దూకకూడదు. వెదురో, తాడో, చీరో అందించాలి. ఇది మావయ్య చెప్పాడు, మేం కళ్లారా చూశాం.

ఆ గెడ్డలో ప్రతి మలుపుకీ, పెద్ద పెద్ద బండలకీ పేర్లున్నాయి. పిన్ని ఒక్కొక్కటి చెప్పింది. కొన్నిటి వెనక చనిపోయిన మనుషులున్నారు. ఒకచోట చెప్పులు విప్పి మొక్కింది, మేమూ మొక్కాం. ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవి ఆ ఊరివి. ఆ ఊరివాళ్లని అడక్కుండా అందరిలో పెట్టడం మర్యాద కాదు.

తిరిగొచ్చేటప్పుడు పిన్ని వంగి వంగి ఏదో ఏరుతోంది. చూస్తే గాజు పెంకులు, పగిలిన బీరు సీసాలవి. "పశువులు నీళ్లు తాగుతాయి ఈడ" అంది. ఆదివారం అమ్ముకున్న దాంతో ఇల్లు గడుస్తుంది, సోమవారం పెంకులు ఏరడంతో తెల్లారుతుంది. టూరిస్టులు రావొద్దని ఆవిడ అనలేదు. "రానీ, కొనుక్కోనీ. తాగిన సీసా తిరిగి పట్టుకుపోతే చాలు" అంది. టికెట్ డబ్బుల్లోంచి ఊరికి ఏమొస్తుంది పిన్నీ అని అడిగాం. "నాకేటి తెలుసు బాబూ, ఎవరూ సెప్పలేదు" అంది.

ఈ మాట దగ్గర మన గ్రూపుకి ఒక పని ఉందని మాకు అనిపిస్తోంది. ఇక్కడ ఎవరి మీదా ఆరోపణ చెయ్యడం లేదు. అడిగే హక్కు ఉంది, ఎవరూ అడగడం లేదు, అంతే. 1996 పెసా చట్టం సెక్షన్ 4 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకి అప్పగించాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 అయితే నీటి వనరులు, వాటి పరీవాహక ప్రాంతాలు సరిగా కాపాడబడేలా చూసే అధికారం గ్రామసభకి ఇచ్చింది. మనం గ్రూప్స్ పరీక్షకి ఈ సెక్షన్లు బట్టీ పట్టి బిట్లు పెడతాం. పిన్నికి వాటి పేరు కూడా తెలియదు. పిన్నికి తెలిసింది మనకి తెలియదు, మనకి తెలిసింది పిన్నికి తెలియదు. ఇద్దరం ఒక చోట కూర్చుంటే తప్ప ఆ గెడ్డకి దిక్కులేదు.

మేం ముందుగా అనుకున్నది ఒక బోర్డు. "బండలు జారును, జాగ్రత్త" అని తెలుగులో రాసి పెడదామని. ఊరి పెద్దాయన ఒకరు విని, "బోర్డు చదివేవోడు ఎవడు? చేతికి కర్ర ఇయ్యండి" అన్నారు. నిజమే కదా! మెట్ల మొదట్లో ఒక కట్ట కర్రలు పెడతారు, దిగేటప్పుడు ఒకటి తీసుకుంటారు, ఎక్కేటప్పుడు తిరిగి పెడతారు. కర్ర పట్టుకున్నవాడు కనీసం అడుగు చూసుకుంటాడు. ఊరి కుర్రోళ్లు ఇద్దరు ఆదివారాలు అక్కడ నిలబడి ఎక్కడ దిగాలో చెప్తామన్నారు. వాళ్లకి రోజుకూలి ఎలా అన్నది గ్రామసభలో మాట్లాడాలి. పిన్ని మాత్రం, "ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో మొక్కజొన్న ఉంటే సెల్ఫీ ఎలా తీసుకుంటార్రా?" అని పకపకా నవ్వింది.

మీకు మా నుంచి ఒక్క అభ్యర్థన. సంక్రాంతికి అందరూ ఊళ్లకి వెళ్తారు. ఒక పూట చుట్టాల్లా కూర్చోకుండా, మీ తాతనో, నాయనమ్మనో, ఊళ్లో పశువులు కాసే ఎవరినైనా బతిమాలి మీ గెడ్డ వెంట పై నుంచి కింద దాకా నడవండి. పేర్లు అడగండి. ఏ బండ జారుతుందో అడగండి. మన భాషలోనే రాసి పెట్టుకోండి. ఇక్కడ పెట్టాలా వద్దా అన్నది మీ ఊరివాళ్లని అడిగి నిర్ణయించుకోండి. జలపాతాల దగ్గర కొట్లు పెట్టుకున్న మన వాళ్లు ఎవరైనా ఉంటే, కర్రల ఆలోచన అక్కడా చెప్పి చూడండి.

ఆరోవాడి సంగతి. కుట్లు విప్పారు, కాలు బాగుంది. పోయిన వారం వాళ్ల ఊరెళ్లి తాతతో వాళ్ల గెడ్డ మీదకి వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేసి, "ఒరే, పద్నాలుగు పేర్లు చెప్పాడు తాత, ఆరే గుర్తున్నాయి, రేపు మళ్లీ వెళ్తాను" అన్నాడు. చొక్కా మాత్రం ఆ రోజు గెడ్డలోనే చిరిగిపోయింది. కొత్తది కొనిమ్మని మమ్మల్ని అడుగుతున్నాడు. తలా వంద వేసుకుంటున్నాం.

ఈసారి ఫొటో పెడితే అందులో ఆరుగురం ఉంటాం. అందరి చేతుల్లో కర్రలుంటాయి. నవ్వుకోకండి.

జోహార్.